తెరకు ఎడమవైపు

ఆ గది గోడలు బూడిద రంగు. తలుపు బూడిద రంగు. బల్ల మీద పరిచిన గుడ్డ కూడా అదే. ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళు, సున్నం వేయడం మధ్యలో ఆపేశారా అని అడుగుతారు. రంగులక్క నవ్వి ఊరుకుంటుంది. ఆ గదిలో కూర్చుని ఆమె పగలంతా రంగులు దిద్దుతుంది.

ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. వీధిలో అందరికీ ఆమె రంగులక్కే. పని నేర్చుకున్న రోజుల్లో ఫొటోలు నలుపు తెలుపుల్లో ఉండేవి. స్టూడియో వెనక గదిలో కూర్చుని సన్నని కుంచెతో పెదవులకు ఎరుపు వేసేది, బుగ్గలకు అంతకంటే తక్కువ ఎరుపు వేసేది. ఎంత తక్కువ అన్నదే అసలు పని. తర్వాత రంగుల ఫిల్ము వచ్చింది. ఆ తర్వాత కంప్యూటరు వచ్చింది. స్టూడియో ఓనరు ఒక మంచి మానిటరు కొని ఆమె ఇంట్లోనే పెట్టించాడు. చేతిలో కుంచె పోయి మౌస్ వచ్చింది. బుగ్గ మాత్రం అదే బుగ్గ.

రంగున్న వస్తువు పక్కన ఉంటే దాని ఛాయ తెర మీదికి వస్తుంది. ఆ ఛాయను నమ్మి దిద్దితే ఫొటో పాడవుతుంది. అందుకే గోడలకు ఆ రంగు. ఆమె కూడా పనిలో కూర్చునేటప్పుడు బట్టల మీద మోకాళ్ళ దాకా వచ్చే బూడిద రంగు కోటు తొడుక్కుంటుంది. అలాంటివి రెండున్నాయి. ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద. కోటు తొడుక్కున్నదంటే ఆమెతో మాట్లాడకూడదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె భర్తకు మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

ఆయన బస్సు డ్రైవరు. పెళ్ళయిన నాటి నుంచి ఇంటికి వచ్చి పోయే మనిషి. తెల్లారకముందే వెళ్ళేవాడు, లేదా తెల్లారాక వచ్చి పడుకునేవాడు. ఈ చలికాలం మొదట్లో రిటైరయ్యాడు. మర్నాడే ఖాకీ చొక్కాలన్నీ మూటగట్టి డిపోలో ఇచ్చి వచ్చాడు, బస్సు అద్దాలు తుడుచుకోమని. "ఈ జన్మకు ఖాకీ చాలు" అన్నాడు.

అటునుంచి అటే బట్టల కొట్టుకు వెళ్ళాడు. బాగా పండిన నారింజ రంగు గుడ్డ ఒకటి ఆయనకు నచ్చింది. ఉద్యోగంలో చొక్కాలన్నీ ఒకే తానులోంచి కుట్టించుకునే అలవాటు. కాబట్టి తాను మొత్తం కొన్నాడు. టైలరు కొలతలు తీసుకుంటూ, "ఏ కంపెనీలో చేరారు సార్?" అని అడిగాడట.

ఆయన తల్లి కొడుకును మొదటిసారి ఆ చొక్కాలో చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని చూసింది.

"నువ్వేనా? గుమ్మంలోకి పళ్ళ బండి వచ్చిందనుకున్నాను."

"బాగుందా అమ్మా?"

"బాగుంది. ఇక నువ్వు తప్పిపోతావన్న బెంగ లేదు."

రిటైరైన మనిషికి ఇల్లు కొత్త. వరండాలో కూర్చుంటే చలి గాలి. వంటింట్లో కూర్చుంటే తల్లి ఏదో ఒకటి ఒలిచిపెట్టమంటుంది. చివరికి భార్య పనిగదిలో చోటు దొరికింది. కుడివైపు కిటికీలోంచి ఏటవాలుగా ఎండ వచ్చి ఆమె వెనకగా, ఎడమ గోడ దగ్గర పడుతుంది. అక్కడికి తన చెక్క కుర్చీ లాక్కున్నాడు. "ఇన్నాళ్ళూ ఇంజను వేడికే కాగాను. ఇప్పుడు ఎండకు కాగుతాను" అన్నాడు. పేపరు చదువుకుంటాడు. మంచి వార్త ఉంటే పైకి చదువుతాడు. ఆమె టీ తాగుదామని లేస్తే తనూ లేస్తాడు. ఆమె వచ్చి కూర్చుంటే తనూ వచ్చి కూర్చుంటాడు. బస్సులో ఇద్దరికీ ఎక్కే చోటు, దిగే చోటు ఒకటే అన్నట్టు.

ఆమెకు అది బాగుంది. బాగుందని చెప్పలేదు.

స్టూడియో ఓనరు ఒక మధ్యాహ్నం పెద్ద కవరు పట్టుకుని వచ్చాడు. నిక్కర్ల వయసు నుంచి ఆమెను అక్కా అనే పిలుస్తున్నాడు. కాబట్టి డ్రైవరును బావగారూ అంటాడు.

"బావగారూ, చొక్కా బ్రహ్మాండం. వీధి మొదట్లో నుంచే మీరున్నారని తెలిసింది."

"నీకూ ఒకటి కుట్టిస్తాను. గుడ్డ ఇంకా ఉంది."

"వద్దు బావగారూ. కెమెరాకు కళ్ళు తిరుగుతాయి."

కవరులోంచి ఫొటో తీసి ఆమె ముందు పెట్టాడు. బడి గ్రూపు ఫొటో. మెట్ల మీద పిల్లలు, ముందు కుర్చీల్లో టీచర్లు. కుడి చివర నుంచి మధ్య దాకా అందరూ ఆరోగ్యంగా ఉన్నారు. మధ్య నుంచి ఎడమవైపుకు వచ్చేకొద్దీ ముఖాలు పాలిపోతూ వచ్చాయి. ఎడమ చివర కూర్చున్న డ్రిల్లు మాస్టారు పూర్తిగా నీలంగా ఉన్నాడు.

"డ్రిల్లు మాస్టారు స్టూడియోకు వచ్చాడక్కా. నన్ను బావిలోంచి తీశారా అని అడిగాడు."

ఆమె నవ్వలేదు. ఫొటోను వెలుగులోకి వంచి చూసింది.

"ఇది నేను దిద్దిందేనా?"

"మీరే. ప్రింటు తేడానేమోనని రెండో మిషన్లో కూడా తీయించాను. అదే వచ్చింది. ఆ బడి ప్రతి తరగతి ఫొటో మనకే ఇచ్చింది కదా. శనివారానికి మళ్ళీ ప్రింటు తీసి ఇస్తానని చెప్పాను." గొంతు తగ్గించాడు. "కళ్ళకు శ్రమగా ఉంటే చెప్పండక్కా. కొన్నాళ్ళు ఇంకెవరితోనైనా చేయించుకుంటాను."

అంత మంచిగా అన్నాడు కాబట్టి ఆమెకు భయం వేసింది.

అతను వెళ్ళేసరికి ఎండ కిటికీ దాటిపోయింది. దీపం వెలుగులో ఆమె రంగులు చూడదు. మర్నాడు పొద్దున ఫొటోను పక్కకు తీసి, తెర నిండా ఒకటే బూడిద రంగు నింపింది. బూడిద రంగులో ఏ చిన్న తేడా వచ్చినా కనిపిస్తుంది. కుడివైపు సరిగ్గా ఉంది. మధ్యలో సరిగ్గా ఉంది. ఎడమవైపు పలచటి టీ ఒలికి ఆరిపోయినట్టు మరక. అంచులు లేని మరక. గట్టిగా చూస్తే ఉంది, పక్కకు చూస్తే లేదనిపిస్తుంది.

దిద్దకముందు ఫొటోలోంచి డ్రిల్లు మాస్టారి ముఖాన్ని కత్తిరించి, తెర మీద కుడివైపు పెట్టింది. మామూలు మనిషి. మెల్లగా ఎడమవైపుకు జరుపుకుంటూ వచ్చింది. మామూలు మనిషికి జ్వరం వచ్చింది. జరిగింది ఆమెకు అర్థమైంది. లేని ఎరుపు కనిపించింది కాబట్టి ఉన్న ఎరుపును తీసేసింది. పాపం, ఆ మనిషి ముఖంలో రక్తం లేకుండా చేసింది.

"ఏమండీ, మానిటరుకు ఏదో అయింది."

డ్రైవరు పేపరు మడిచాడు. రిటైరైన తర్వాత ఆయన ముఖం అంత వెలగడం అదే మొదటిసారి.

బండి ఆగితే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఆయనకు ఒక పద్ధతి ఉంది. ముందు ఆపి, చల్లారనిచ్చి, మళ్ళీ స్టార్ట్ చేయాలి. మానిటరును ఆపారు, ఇద్దరూ టీ తాగి వచ్చారు, మళ్ళీ వేశారు. మరక ఉంది. తర్వాత వైర్లు చూడాలి. ఆయన బల్ల కిందికి దూరి కేబులు ఊడబీకి, రెండు కొసలూ నోటితో ఊది, మళ్ళీ బిగించాడు. తుమ్ముకుంటూ వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

"ఇప్పుడు?"

"ఉంది."

"అయితే మాగ్నెట్టు. స్పీకర్లో మాగ్నెట్టు ఉంటే తెర మీద మరకలు పడతాయి. మా డిపోలో టీవీకి అట్లాగే అయింది."

గోడ అవతల ఆయన తల్లి రేడియో ఉంది. ఆయన దాన్ని తీసుకెళ్ళి వంటింటి గట్టు మీద పెట్టాడు. ఇల్లంతా వినిపించేలా ముసలావిడ గొంతు లేచింది.

"నా రేడియో ఏం చేసిందిరా?"

"దాన్లో మాగ్నెట్టు ఉందమ్మా. పని పాడుచేస్తోంది."

"ఇన్నేళ్ళుగా లేని మాగ్నెట్టు ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది? నువ్వు ఇంట్లో కూర్చున్నప్పటి నుంచీ అన్నీ పాడవుతున్నాయి."

రేడియో పోయింది. ఆయన వచ్చి కూర్చున్నాక చూస్తే మరక పోలేదు.

మర్నాడు ఆయన మానిటరును దుప్పట్లో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాడు. రంగులక్క ఇంట్లోనే ఉండిపోయింది. మధ్యాహ్నానికి ఆయన తిరిగి వచ్చాడు.

"బజారు లోపలి వరసలో కొట్టు. పగలే లైటు వేసుకోవాలి, అంత చీకటి. అయినా మంచివాడు. తెర మొత్తం ఎరుపు వేశాడు. తర్వాత ఆకుపచ్చ. నీలం. తెలుపు. చివరికి నీ బూడిద కూడా వేయించాను. దగ్గరుండి చూశాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే రంగు. మాగ్నెట్టు సంగతి అడిగితే నవ్వాడు. అది పాత డబ్బా టీవీలకట, ఈ పలక తెరలకు మాగ్నెట్టు ఏమీ చేయదట. ఆ మాట మా అమ్మకు చెప్పకు."

"మరి మరక ఏమిటన్నాడు?"

"తెరకు ఏ జబ్బూ లేదు సార్, చూసేవాళ్ళకే..." ఆయన అక్కడ ఆగిపోయాడు. దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టాడు. మడిచిందే మళ్ళీ విప్పి మడిచాడు.

ఆమె మానిటరు పెట్టించింది. బూడిద రంగు నింపింది. ఆయన తన కుర్చీలో కూర్చుని, అడగకుండా ఎదురుచూశాడు. ఎడమవైపు మరక అక్కడే ఉంది.

ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుని, "తెరను తలకిందులు చేయండి" అంది.

"ఎందుకు?"

"మరక తెరలో ఉంటే, తెరతో పాటు తిరిగి కుడివైపుకు వస్తుంది."

"రాకపోతే?"

ఆమె మౌస్ పక్కకు జరిపి బల్ల ఖాళీ చేసింది.

ఆయన రెండు దిండ్లు తెచ్చాడు. మానిటరు తలను దిండ్ల మీద ఆనించి, కాళ్ళు పైకి లేపి, వెనక గోడకు చేర్చాడు. జారకుండా డిక్షనరీ ఒకటి అడ్డం పెట్టాడు. చేతులు దులుపుకున్నాడు. "నీకు అడ్డం రాను. తీరిగ్గా చూడు" అని వెళ్ళి ఎండలో తన కుర్చీలో కూర్చున్నాడు.

ఆమె కళ్ళు మూసుకుని, తెరిచి చూసింది.

తెర తిరిగింది. మరక తిరగలేదు. ఎడమవైపే ఉంది.

కుడి కన్ను మూసి చూసింది. ఉంది. ఎడమ కన్ను మూసి చూసింది. ఉంది. రెండు కళ్ళూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట చెప్తున్నాయి.

"మీరొచ్చి ఇక్కడ కూర్చోండి" అంది, లేచి తన కుర్చీ చూపిస్తూ.

ఆయన వచ్చి కూర్చున్నాడు. కళ్ళు చిట్లించాడు. ముందుకు వంగాడు, వెనక్కి ఒరిగాడు. ఆమె పక్కన నిలబడింది. తెర వైపు చూడలేదు. ఆయన ముఖం వైపు చూసింది. ఆయనకు కూడా మరక కనిపిస్తే చాలు. ఎంత కొంచెం కనిపించినా చాలు.

"ఎక్కడ?" అన్నాడు.

"ఎడమవైపు."

ఆయన చాలాసేపు చూశాడు. భార్య కోసం కనిపించిందని చెప్పేవాడే. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు.

"నాకేమీ కనిపించడం లేదోయ్. అంతా ఒకటే రంగు."

ఆమె తల ఊపింది. కోటు విప్పి తలుపు వెనక తగిలించింది. ఆ రోజు ఇంకా ఎండ ఉండగానే పని ఆపేసింది.

మర్నాడు అత్తగారితో, "మీ కంట్లో నీళ్ళు కారుతున్నాయి అత్తయ్యా. డాక్టరుకు చూపించుకొద్దాం" అంది.

"కారనీ. ఉల్లిపాయ కోస్తే కారవా?"

"ఎందుకైనా మంచిది. పదండి."

డ్రైవరు తోడు వస్తానన్నాడు. ఆమె వద్దంది. ఏదో ఒక పని చెప్పాలి కాబట్టి, "గదిలో రంగున్న వస్తువు ఒక్కటి కూడా లేకుండా తీసేయండి. అదేమైనా కారణమేమో చూద్దాం" అని చెప్పి వెళ్ళింది. ఆ మాట మీద ఆమెకేమీ ఆశ లేదు.

బస్సులో అత్తగారు కిటికీ పక్కన కూర్చుంది. రెండు స్టాపులు దాటాక, బయటికి చూస్తూనే అంది.

"చూపించుకునేది నేనా, నువ్వా?"

"ఇద్దరం చూపించుకుందాం."

"అట్లా చెప్పొచ్చు కదే అమ్మాయ్. ఉల్లిపాయ కోసే పీట మీద నుంచి లేపుకొచ్చావు."

డాక్టరు ముసలావిడ కళ్ళు చూసి చుక్కల మందు రాసిచ్చింది. తర్వాత రంగులక్క గడ్డాన్ని మిషన్ మీద ఆనించి, సన్నటి వెలుగు వేసి రెండు కళ్ళూ నిదానంగా చూసింది. రంగు చుక్కల మధ్య దాగిన అంకెల పుస్తకం ఇచ్చింది. రంగులక్క పేజీలు తిప్పుతూ అంకెలు చదువుకుంటూ పోయింది.

"కంట్లో ఏమీ లేదమ్మా" అంది డాక్టరు.

"ఏమీ లేదంటే చూపు కూడా లేదనా?" అంది అత్తగారు.

"చూపు బాగుంది బామ్మగారూ. శుక్లం లేదు, ఏ మచ్చా లేదు. దగ్గరి చూపుకు అద్దాలు కొంచెం మార్చాలి, అంతే."

"మరి మరక?" అంది రంగులక్క.

డాక్టరు అద్దాల చీటీ రాస్తూ అంది. "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుని చూడండి."

మళ్ళీ ఆ కొన్నాళ్ళే. బస్సు దిగాక అత్తగారు కోడలి చేయి పట్టుకుంది. దిగడానికి పట్టుకున్న చేయి, ఇల్లు చేరేదాకా వదల్లేదు.

"తెరలో లేదు, కంట్లో లేదు. ఇక మిగిలింది బుర్ర" అంది గుమ్మం దగ్గర. "అది నీకు బాగానే ఉంది. ఈ ఇంట్లో అదొక్కటే బాగుంది. కాబట్టి ఇంకెక్కడో ఉంది. వెతుక్కో."

పనిగది ఖాళీగా ఉంది. తెర మీద ఛాయ పడనంత దూరంలో ఉన్నవి కూడా పోయాయి. ఎర్ర ఫ్లాస్కు లేదు. క్యాలెండరు లేదు. కిటికీలో పచ్చటి మొక్క ఉన్న కుండీ లేదు. పెన్నుల డబ్బా లేదు. తెర మళ్ళీ కాళ్ళ మీద నిలబడింది. చివరికి దాని కింద నుంచి తీసిన దిండ్లకు కూడా తెల్ల గలీబులు వచ్చాయి, పూలున్నవి పోయాయి. ఇంత పనీ చేసి అలసిపోయి, తృప్తిగా, డ్రైవరు ఎండలో తన కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఒక్క రంగు ముక్క ఉంటే చూపించు" అన్నాడు.

ఆ రోజుల్లో ఆమె నవ్వింది అప్పుడొక్కసారే. కోటు తొడుక్కుని, తెర వెలిగించి కూర్చుంది. ఎడమవైపు చూసింది. మరక అక్కడే ఉంది. వెనక ఆయన పేపరు మడిచిన చప్పుడైంది.

శుక్రవారం పొద్దున ఆమె స్టూడియోకు ఫోన్ చేసింది.

"ఒకసారి ఇంటికి రా. బడి ఫొటోలన్నీ ఇచ్చేస్తాను. ఇంకెవరికైనా ఇచ్చుకో."

"అక్కా, కొన్నాళ్ళేగా."

"ముందు నువ్వు రా."

అతను వచ్చేలోపు ఫైళ్ళన్నీ ఒకచోట చేర్చింది. చేయడానికి ఇంకేమీ లేదు. అలవాటు కొద్దీ తెర నిండా బూడిద రంగు నింపి, చేతులు ఒడిలో పెట్టుకుని దాని ముందు కూర్చుంది. పెళ్ళికి ముందే పట్టుకున్న పని. కుంచె పోయినప్పుడు ఏడవలేదు, ఫిల్ము పోయినప్పుడు ఏడవలేదు. రెండుసార్లూ కళ్ళు తన దగ్గరే ఉన్నాయి.

వీధి తలుపు కొట్టిన చప్పుడైంది. మామూలుగా అయితే ఇద్దరూ లేచేవారు. ఇవాళ ఆమెకు లేవాలనిపించలేదు.

"నువ్వు కూర్చో. నేను తీస్తాను" అని డ్రైవరు లేచాడు.

ఆమె తెర వైపే చూస్తోంది.

ఒలికిన టీని ఎవరో తడిగుడ్డతో తుడిచినట్టు మరక పోయింది.

ఆమె కదల్లేదు. కళ్ళార్పితే మళ్ళీ వస్తుందేమోనని ఆర్పకుండా చూసింది. ఎడమ చివర బూడిద. మధ్యలో బూడిద. కుడి చివర బూడిద. గుమ్మం దగ్గర మాటలు వినిపిస్తున్నాయి.

"రావోయ్ బావమరిదీ. చెప్పులు అక్కడ వదిలేయ్."

"అక్క కోపంగా ఉందా బావగారూ?"

"కోపమైతే బాగుండేది. ఏమీ అనడం లేదు."

ఇద్దరూ లోపలికి వచ్చారు. డ్రైవరు ఓనరుకు స్టూలు వేసి, తన కుర్చీలో కూర్చున్నాడు. మరక వచ్చింది.

"లేవండి" అంది ఆమె.

"ఎవరు, నేనా?" అన్నాడు ఓనరు, స్టూలు మీద నుంచి లేస్తూ.

"నువ్వు కాదు. మీరు లేవండి."

డ్రైవరు లేచి పక్కకు వచ్చాడు. మరక పోయింది.

"కూర్చోండి."

కూర్చున్నాడు. వచ్చింది.

"లేవండి."

"ఏమిటోయ్, బడిలో శిక్షలా?"

"లేవండి, చెప్తాను."

లేచాడు. పోయింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. కుడి కిటికీలోంచి వచ్చిన ఎండ ఎడమ గోడ దగ్గర ఖాళీ కుర్చీ మీద పడుతోంది. కుర్చీ పక్కన నారింజ రంగు చొక్కాలో ఆమె భర్త నిలబడి ఉన్నాడు, తానేం తప్పు చేశాడో తెలియక.

గదిలో రంగున్న ప్రతి వస్తువునూ బయట పెట్టించింది. మనిషిని వస్తువుల్లో కలపలేదు.

ఆమె భుజాలు కదలడం చూసి ఓనరు కంగారుపడ్డాడు. ఏడుస్తోందనుకున్నాడు. ఆమె నవ్వుతోంది. చేత్తో నోరు మూసుకుని, ఊపిరి ఆడక, రెండో చేత్తో భర్త చొక్కా కేసి చూపిస్తోంది. డ్రైవరు తల వంచి తన చొక్కా చూసుకున్నాడు. పైనుంచి కిందికి చూసుకున్నాడు. తర్వాత ఎండను, కుర్చీని, తెరను వరసగా చూశాడు. అప్పుడు నెమ్మదిగా కుర్చీలో కూలబడ్డాడు. తెర మీద మరక మళ్ళీ తేలింది.

"నేనా?" అన్నాడు.

"మీరే."

"ప్రతిసారీ నేనేనా? తలకిందులు చేసినప్పుడు కూడా?"

"అడ్డం రానని చెప్పి వెళ్ళి అక్కడే కూర్చున్నారు."

"మరి నేను నీ కుర్చీలో కూర్చుని చూశాను కదా. నాకు కనిపించలేదే."

"ఎట్లా కనిపిస్తుంది? మరక లేచొచ్చి నా కుర్చీలో కూర్చుంది."

ఓనరు ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసి, అర్థం చేసుకుని, స్టూలు మీద వంగిపోయి నవ్వాడు. "బావగారూ, డ్రిల్లు మాస్టారు మీకోసం వెతుకుతున్నాడండీ."

డ్రైవరు మాత్రం నవ్వలేదు. తల పట్టుకున్నాడు.

"ఒరేయ్, నాకు తెలియాల్సిందిరా ఇది. సీటు వెనక నల్ల తెర ఎందుకు కట్టుకున్నాను ఇన్నేళ్ళూ? రాత్రిపూట లోపల ఎవడైనా చెప్పులు వెతుక్కోవడానికి లైటు వేశాడా, ముందు అద్దంలో రోడ్డు పోయి వాడి మొహం కనిపిస్తుంది. ఎంతమందిని కేకలేశాను లైటు ఆర్పమని. ఇప్పుడు ఆ చెప్పులు వెతుక్కునేవాడిని నేనే అయ్యాను."

నవ్వులు విని అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చింది. సంగతి విని, కొడుకును పైనుంచి కిందికి చూసింది.

"మొదటిరోజే చెప్పాను, పళ్ళ బండి అని."

"చొక్కా గురించి చెప్పావమ్మా. తెర గురించి చెప్పలేదు."

"నా రేడియో తెచ్చి ఎక్కడిదక్కడ పెట్టు. తర్వాత మాట్లాడు."

ఆయన రేడియో తెచ్చిపెట్టాడు. కుండీ, ఫ్లాస్కు సంగతి తర్వాత చూద్దామన్నారు. ఓనరు ఫైళ్ళ మాట ఎత్తలేదు. "రేపు సాయంత్రం వస్తానక్కా" అని మాత్రం అని, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ మళ్ళీ నవ్వుకున్నాడు. ఆ నవ్వు వీధి మలుపు దాకా వినిపించింది.

డ్రైవరు పేపరు చంకలో పెట్టుకుని, చెక్క కుర్చీ వీపు పట్టుకుని ఎత్తాడు.

"ఎక్కడికి?" అంది ఆమె.

"వరండాలోకి. చలేమీ లేదులే."

"అక్కడ పెట్టండి కుర్చీ."

"నీ పని పాడవుతుందోయ్."

ఆమె లేచి పెరట్లోకి వెళ్ళింది. దండెం మీద ఆరిన రెండో కోటు తెచ్చి ఆయన ముందు పట్టుకుంది. ఆయన దాని వైపు చూశాడు. ఖాకీ కాదు. అయినా యూనిఫారమే.

"ఈ జన్మకు చాలన్నాను కదా" అన్నాడు.

"అన్నారు."

"మళ్ళీ డ్యూటీయా?"

"పగటి డ్యూటీనే. ఎండలో కూర్చునే డ్యూటీ. బస్సు తిప్పే పని లేదు."

"సెలవులు?"

"మబ్బు పట్టిన రోజు మీకిష్టమైన చొక్కాలో కూర్చోండి."

ఆయన ఒక చేయి తొడిగాడు. రెండో చేయి దొరక్క వెనక తడుముకుంటుంటే ఆమె అందించింది. కోటు భుజాల దగ్గర బిగుతుగా ఉంది, చేతులు మణికట్టు పైకి వచ్చాయి. ముసలావిడ గుమ్మంలో నుంచి చూసి, "ఇప్పుడు పళ్ళ బండి మీద గోనెపట్టా కప్పినట్టుంది" అంది. ఆయన కుర్చీని మళ్ళీ ఎండలోకి జరిపి, సర్దుకుని కూర్చున్నాడు. పేపరు విప్పాడు.

ఆమె తెర ముందు కూర్చుంది. బూడిద రంగు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటిగా ఉంది. ఎడమవైపు కొంచెం పైన మాత్రం, వేలిముద్ర అంత వెచ్చదనం ఇంకా మిగిలింది.

"కాలరు కనిపిస్తోంది" అంది, వెనక్కి తిరగకుండా. "పై బొత్తం పెట్టుకోండి."

పేపరు దించిన చప్పుడైంది. బొత్తం పెట్టుకుంటే చప్పుడు ఉండదు కాబట్టి అది తెర మీదే తెలిసింది: ఆ కాస్త వెచ్చదనమూ పోయింది.

ఆమె ఫొటో తెరిచింది. ఎడమ చివర డ్రిల్లు మాస్టారు నీలంగా, నిటారుగా, ఓపిగ్గా కూర్చుని ఉన్నాడు. ఆయన బుగ్గకు కొంచెం ఎరుపు వేసింది. తర్వాత అందులోంచి కొంచెం తగ్గించింది.